గ్యాసే, ఆంటీ!

2020 వసంతంలో నేను ఐర్లండ్‌లోని నేస్ అనే ఊళ్లో ఒక జీపీ క్లినిక్‌లో నర్సుగా ఉన్నాను. జీపీ అంటే ఇక్కడి కుటుంబ వైద్యుడు. ఏ జబ్బుకైనా ముందు ఆయన గడప తొక్కాలి. కరోనా వచ్చి ఆ గడపకు తాళం పడింది. ఎవరిని వెంటనే చూడాలో, ఎవరు ఆగవచ్చో ఫోన్‌లో మాటలతోనే తేల్చాలి. దాన్ని ట్రయాజ్ అంటారు. ఆ పని నాకు అప్పగించారు.

ఆ రోజుల్లో ఛాతీ మంటల ఫోన్లకు కొదవ లేదు. ఇంట్లోంచి ఉద్యోగం, చేతికందే దూరంలో వంటిల్లు, ఇంకేం కావాలి? మీటింగుకో కాఫీ, కెమెరా ఆపేసి నాలుగు బజ్జీలు, పీకల దాకా భోంచేసి వెంటనే సోఫాలో నడుం వాల్చడం. డైనింగ్ కుర్చీలో కూర్చుని ఆ నడుం పట్టేస్తే పరగడుపున నొప్పి మాత్ర. కడుపులో పుల్లటి రసం పైకి ఎగదన్నక ఏం చేస్తుంది? పైగా "కారం ఎప్పుడో మానేశామండీ" అని నా దగ్గరే బుకాయింపు.

ఒక ఉదయం రిసెప్షనిస్టు ఓర్లా నవ్వుకుంటూ వచ్చింది. ఎవరో ఇండియన్ ఫోన్ చేసి, తాను "ఫుల్ గ్యాస్" అన్నాడట. ఐర్లండ్‌లో మనిషిని గ్యాస్ అంటే మహా తమాషా మనిషని అర్థం. తన గురించి తానే అలా చెప్పుకున్నవాణ్ణి ఓర్లా అంతకుముందు ఎరగదు. గొంతు బాగానే ఉంది కదా అని, సాయంత్రం మాట్లాడవలసినవాళ్లలో వేసింది.

పేరు చూశాను. సురేశ్. డబ్లిన్ శివారు లెపర్డ్స్‌టౌన్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. తెలుగువాళ్ల వంటల పోటీలకు శాశ్వత న్యాయనిర్ణేత. నాకు నవ్వు రాలేదు. మనవాళ్లకు గొంతు నుంచి బొడ్డు దాకా ఏం జరిగినా గ్యాసే. వెంటనే ఫోన్ చేశాను.

"ఏం లేదాంటీ, గ్యాస్ పట్టింది. పొద్దుగాల పూరీలు తిన్న. లావణ్య వాము నీళ్లు తాపింది," అన్నాడు.

తిన్నాక మంట పెరిగిందా, పడుకుంటే పెరుగుతోందా, నోట్లోకి పులుపు వస్తోందా అని అడిగాను. ఒక్కటీ కాదు. అసలు మంటే కాదట, బండ పెట్టినట్టుందట. రెండు రోజులుగా మెట్లెక్కితే వచ్చి, ఆగితే పోయేదట; ఇప్పుడు కూర్చున్నా పోవడం లేదట. వెనక నుంచి అతని భార్య లావణ్య, "చెమటల్ల తడిసిపోయిండాంటీ, దవడ గుంజుతుందంటుండు," అని అరిచింది.

అంబులెన్స్ పిలుస్తున్నానన్నాను. అతను ససేమిరా అన్నాడు. "హాస్పిటల్‌ల కరోనా ఉంటదాంటీ. గ్యాస్‌కు పోయి కరోనా తెచ్చుకుంటమా?"

నాకు ఒళ్లు మండింది. "కరోనా రావాలన్నా మనిషి బతికుండాలి బాబూ," అన్నాను.

అంబులెన్స్‌వాళ్ల కోసం వీధి తలుపు తీసి పెట్టమంటే లావణ్య ఏడుస్తూనే వెళ్లి తీసింది. నాకూ భయం వేసింది, గొంతులో మాత్రం తెలియనివ్వలేదు. పక్క ఫోన్‌లో ఓర్లా అంబులెన్స్‌వాళ్లకు చిరునామా చెబుతోంది. ఇప్పుడామె నవ్వడం లేదు.

గుండె రక్తనాళం పూడుకుపోయింది. ఆ రోజే స్టెంట్ వేశారు. బతికాడు.

ఇంటికొచ్చాక పలకరిద్దామని ఫోన్ చేశాను. పూర్తి వివరం అతనే నాకు బోధించాడు. "గ్యాసే, ఆంటీ. పైకెక్కి గుండెకు తగిలింది. డాక్టర్లు టైమ్‌కు తీసిండ్రు."

రిటైరయ్యే దాకా, గ్యాస్ అన్న మాట వినబడగానే దాన్ని పక్కన పెట్టి, ఎక్కడ, ఎప్పుడు, ఏం చేస్తే అని అడిగేదాన్ని. అది రోగి పెట్టిన పేరు. రోగం ఆ పేరుకే పలకాలని ఎక్కడా లేదు.