యాభై కిలోల గుంజీ

కొండల ఊరు నారిన్ పోస్టాఫీసులో పార్సెళ్ళు చూసే బెర్మెట్‌కి ముప్ఫై నాలుగేళ్ళు. ఆమె నడుముకి మాత్రం డెబ్భై. బంగాళాదుంపల బస్తా ఎత్తబోతే పట్టేసిన నడుము ఆర్నెల్లయినా వదల్లేదు. మాత్రలు మింగింది, గొర్రెకొవ్వు రాయించుకుంది. చివరికి డాక్టరమ్మ, "నీ నడుముకి జబ్బేం లేదమ్మా, బలం లేదంతే. పోయి బరువులెత్తు" అంది. ముల్లును ముల్లుతోనే తియ్యాలన్నమాట.

ముల్లు దొరకడమే కష్టమైంది. బజారు పక్క జిమ్ములో అద్దాలే తప్ప ఇనుము లేదు. స్టేడియం దగ్గరిది కుస్తీవాళ్ళది. వచ్చిన ప్రతివాడూ అక్కడున్న ప్రతివాడికీ చెయ్యి కలిపి, ఇంటివాళ్ళ క్షేమం, పశువుల క్షేమం అడిగేసరికి గంట గడిచేది. బెర్మెట్ లోపలికి వెళ్తే ఆడమనిషిని ఏం అడగాలో తోచక అందరూ గోడకేసి తిరిగారు. ఆఖరికి మూతపడ్డ బట్టల మిల్లు నేలమాళిగలో తుప్పు కడ్డీలు, ఇనప బిళ్ళలు, వాటికి ఈడైన కోచ్ తుర్గున్‌బాయ్ దొరికారు. బస్తాలంటే విసుగెత్తని ముగ్గురు లారీ డ్రైవర్లు ఆయన శిష్యులు.

ఆయన పద్ధతి మొత్తం గోడ మీద సుద్దతో మూడు ముక్కల్లో ఉంది. వారానికి మూడు రోజులు భుజాల మీద కడ్డీతో ఐదేసి గుంజీలు, మూడు విడతలు. వచ్చిన ప్రతిసారీ రెండున్నర కిలోలు పెంచాలి.

"అంతేనా, బైకే?" అంది బెర్మెట్, పెద్దాయన్ని 'అన్నా' అని పిలిచినట్టు.

"అంతే. తెలివితేటలు చూపించకుండా చెయ్యడమే కష్టం. అది మగాళ్ళకి చేతకాదు."

నెల తిరిగేసరికి నొప్పి పోయింది, కడ్డీ యాభై కిలోలకు చేరింది. అక్కడ బండి ఆగింది. రెండుసార్లు దిగి, లేవలేక, కడ్డీని కిందనున్న ఆసరాల మీద వదిలేసింది. మూడోసారీ లేవకపోతే బరువు తగ్గించాలని కోచ్ చట్టం.

ఇంట్లో అత్తగారు సైరాకాన్‌ది ఇంకో చట్టం. "కోడలు బరువులెత్తడానికి ఊళ్ళోకి పోతోందంటే, మనింట్లో బొగ్గు బస్తాలు లేవా అని నవ్వరూ? శుక్రవారం నేనే వచ్చి చూస్తా. నచ్చకపోతే ఆ రోజుతో సరి!"

"సరే, అపా" అంది బెర్మెట్, పెద్దావిడని పిలిచే మర్యాదతో. ఆ నొప్పి మళ్ళీ వస్తుందని తలుచుకుంటేనే ఆమెకి ఏడుపొచ్చింది. కానీ కాపురానికొచ్చిన తొమ్మిదేళ్ళలో అత్తగారికి ఎదురు చెప్పలేదు. ఆవిడ గడప దాటి వస్తుంటే కూర్చుని ఉన్నదీ లేదు. చెంచా నోట్లో ఉన్నా లేచి వంగాల్సిందే.

శుక్రవారం బెర్మెట్ మొదటి గుంజీకి దిగి అడుగునే ఇరుక్కుంది. "లే!" అని కోచ్ అరిచాడు. కాళ్ళు వినలేదు. అప్పుడే తలుపు కిర్రుమంది. తిట్టడానికైనా వట్టి చేతులతో వెళ్ళకూడదని బూర్సోక్‌లు, అంటే పిండి బిళ్ళలు, నూనెలో వేయించి మూటగట్టుకుని సైరాకాన్ వచ్చింది.

బెర్మెట్ లేచి నిలబడింది. ఆమెతోపాటు యాభై కిలోలూ లేచాయి. అలవాటుకొద్దీ వంగబోతే కోచ్ గావుకేక పెట్టాడు.

"వంగకు! నడుం విరుగుద్ది!"

తర్వాత ఆయన అత్తగారి వైపు తిరిగాడు. "అపా, మీకు పుణ్యముంటుంది. ఒక్కసారి బయటికెళ్ళి మళ్ళీ రండి."

"ఎందుకయ్యా?"

"ఈ విడతలో ఇంకా నాలుగున్నాయి. ఆ తర్వాత పది."

"నేనేమన్నా గడియారంలో కోయిలనా?" అంటూనే ఆవిడ బయటికి వెళ్ళింది. తన రాకకి ఇంత విలువుందని ఆవిడకి ఇంతవరకూ ఎవరూ చెప్పలేదు. బెర్మెట్ దిగడం, ఆవిడ రావడం, కడ్డీ లేవడం. పెద్దావిడ వస్తుంటే కూర్చుంటే మర్యాద కాదని బెంచీల మీది డ్రైవర్లూ ప్రతిసారీ లేచారు. పదిహేనూ పూర్తయ్యేసరికి వాళ్ళకీ గుంజీలు అయిపోయాయి.

కడ్డీ దించాక బెర్మెట్ కాళ్ళు గడగడా వణికాయి. అయినా నిలబడే ఉంది.

"కూర్చోవే" అంది సైరాకాన్.

"మీరు నిలబడ్డారు, అపా."

"నాకు తెలీదా? కూర్చో."

బెర్మెట్ కూర్చుంది, ఏడుపు ఆపుకోలేదు. సైరాకాన్ ఒక బూర్సోక్ తీసి ఆమె చేతిలో పెట్టి, గోడ మీది సుద్దరాత కూడబలుక్కుని చదివింది.

"సోమవారం ఎన్ని కిలోలు?"

"యాభై రెండున్నర."

"అయితే మెత్తటి జోళ్ళేసుకొస్తా. వీటితో అన్నిసార్లు తిరగలేను."