ఓబులయ్య విప్పేసిన స్లింగు

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన మరుసటి ఏడాది, వేసవి చివర్లో, నన్ను కర్నూలు నుంచి మార్కాపురం తాలూకా ఆసుపత్రికి స్టాఫ్ నర్సుగా వేశారు. మార్కాపురం అప్పట్లో కర్నూలు జిల్లాలోనే ఉండేది. ఆసుపత్రిలో ఒక డాక్టరు, ఒక కాంపౌండరు, నేను. ఎక్స్‌రే లేదు. ఎముక విరిగితే డాక్టరుగారు వేళ్లతో తడిమి పోల్చుకునేవారు. ప్లాస్టరు కట్లు తయారుగా వచ్చేవి కావు. గాజుగుడ్డలో పొడి రుద్ది నేనే చుట్టి పెట్టేదాన్ని.

పెద్దారవీడు దగ్గరి పల్లె నుంచి ఓబులయ్య అనే రైతు ఎడమ ముంజేయి వాచిపోయి వచ్చాడు. నలభై దాటిన మనిషి. తమ్ముడు గురవయ్య బండి తోలుకొచ్చి, లోపలికి రాకుండా గేటు దగ్గరే నిలబడ్డాడు. బండి మీంచి పడ్డానని ఓబులయ్య చెప్పాడు. డాక్టరుగారు మళ్లీ అడిగారు. మళ్లీ అదే చెప్పాడు.

కట్టు వేశాక డాక్టరుగారు నన్ను పక్కకు పిలిచి ఒక సంగతి చెప్పారు. పడేటప్పుడు మనిషి అరచెయ్యి ఆనిస్తాడు, అందుకని మణికట్టు దగ్గర విరగడం ఎక్కువ. మీదికొచ్చే కర్రకు చెయ్యి అడ్డం పెడితే ముంజేతి రెండెముకల్లో చిటికెనవేలు వైపుది ఒక్కటే నడిమికి విరుగుతుంది. ఇతనికి విరిగింది అదే. కొట్లాటలో తగిలిన దెబ్బ అయితే పోలీసు స్టేషనుకు తెలియజేయాలని రూలు. అయితే రోగి పడ్డానన్నాడు కనుక ఆయన అదే రాసుకున్నారు.

చేతిని మెడకు వేలాడదీసే స్లింగు కట్టి, జాగ్రత్తలు ఓబులయ్యకే చెప్పాను. మూడు మూలల గుడ్డలో చెయ్యి పడుకోవాలి. మోచేయి కంటే వేళ్లు కాస్త ఎత్తులో ఉండాలి, లేకపోతే నీరు వేళ్లలోకి దిగుతుంది. ముడి మెడ వెనక ఎముక మీద పడకూడదు, పక్కకు రావాలి. వేళ్లు మాటిమాటికీ ఆడించాలి. మార్చుకోవడానికి ఇంకో గుడ్డ కూడా ఇచ్చాను. అన్నిటికీ తల ఊపాడు.

రెండు రోజుల తర్వాత తమ్ముడి బండిలోనే మళ్లీ వచ్చాడు. కండువా చేతి మీదుగా దించుకుని ఉన్నాడు. కండువా తీస్తే స్లింగు లేదు. చెయ్యి కిందికి వేలాడుతోంది. వేళ్లు ఉబ్బి నీలంగా మారాయి, గిల్లితే తెలియడం లేదు. ఎందుకు విప్పావని అడిగాను. కండువా మళ్లీ చేతి మీదికి లాక్కున్నాడు.

"ఊళ్లోకి అది కట్టుకొని పోతే, ఏంది ఓబులయ్యా చేతికి అంటారు నర్సమ్మా. పడినానంటే ఊళ్లో ఎవరూ నమ్మరు. ఏం చెప్పాల?" అన్నాడు.

వాపు వల్ల ప్లాస్టరు బిగుసుకుపోయి చేతికి రక్తం అందడం లేదు. ఆలస్యమైతే వేళ్లు వంకర్లు పోయి చెయ్యి పనికిరాకుండా పోయే ప్రమాదం ఉంది. డాక్టరుగారు వెంటనే ప్లాస్టరు నిలువునా చీల్చడానికి కూర్చున్నారు. చెయ్యి కదలకుండా ఎత్తి పట్టుకోవడానికి ఇంకో మనిషి కావాలి. గేటు దగ్గరున్న గురవయ్యను నేనే పిలిచాను.

లోపలికి వచ్చి అన్న చెయ్యి పట్టుకున్నాడు. ఆ వేళ్ల రంగు చూడగానే పట్టు సడలించాడు. సరిగ్గా పట్టుకోమని డాక్టరుగారు అన్నారు.

"పడలేదు సారూ. నేనే కొట్టినా. బాయి నీళ్ల వంతు కాడ మాటా మాటా పెరిగి, ఎద్దుల్ని తోలే ములుగర్రతో కొట్టినా" అన్నాడు గురవయ్య.

ఓబులయ్య మొహం గోడ వైపు తిప్పుకున్నాడు.

"వాని మాట ఇనొద్దు సారూ. నేను పడినా. అట్లనే రాసుకోండి" అన్నాడు.

డాక్టరుగారు తలెత్తలేదు. ప్లాస్టరు చివరిదాకా చీల్చారు. కాసేపటికి వేళ్లకు రంగు తిరిగి వచ్చింది. గిల్లితే ఓబులయ్య చెయ్యి వెనక్కి లాక్కున్నాడు.

ఈసారి గుడ్డను తమ్ముడి చేతికే ఇచ్చి, నేర్చుకోమన్నాను. మొదట వేళ్లు కిందికి జారేటట్టు కట్టాడు. విప్పించి మళ్లీ కట్టించాను. అతను మెడ చుట్టూ గుడ్డ తిప్పుతున్నంతసేపూ అన్న కళ్లు మూసుకునే ఉన్నాడు. కొట్టిన తమ్ముడి సిగ్గు ఎక్కువో, కొట్టించుకున్న అన్న సిగ్గు ఎక్కువో నాకు తెలియలేదు.

వాపు తగ్గాక కొత్త ప్లాస్టరు వేశాం. ఆ తర్వాత వచ్చిన ప్రతిసారీ గుడ్డ ఉతికి ఆరేసింది, ముడి సరైన చోట, చంకలో చెమట పొక్కులు లేవు. స్లింగు పైకే కనబడుతోంది, దాని మీద కండువా లేదు. ఊళ్లో ఏం చెబుతున్నావని ఒకసారి అడిగాను.

"నన్ను చెప్పనిస్తేగా. అడిగినోళ్లకల్లా నేనే కొట్టినానని వాడే చెప్తన్నాడు. నాకు తలెత్తుకునే దోవ లేకుండా చేసినాడు" అన్నాడు ఓబులయ్య.

ఎముక అతికింది. చిటికెనవేలు పూర్తిగా చాచలేకపోయేవాడు. బండిలో అన్నదమ్ములు చెరో వైపు చూస్తూ కూర్చుని వెళ్లేవారు.

తర్వాత నర్సింగు విద్యార్థినులకు పాఠం చెప్పే ఉద్యోగం చేశాను. స్లింగు కట్టడం నేర్పేటప్పుడు రెండు మాటలు అదనంగా చెప్పేదాన్ని. జాగ్రత్తలు ఇంట్లో కట్టు కట్టబోయే మనిషికి చెప్పండి. దారిలో ఎవరైనా అడిగితే ఏం చెబుతారని రోగిని అడగండి. ఆ జవాబు నిజం కానక్కర్లేదు. జవాబు లేని మనిషి మాత్రం ఊరి పొలిమేరలోనే స్లింగు విప్పేస్తాడు.