రెండో దారి మాస్టారు

ఏ వస్తువైనా ఒక్కటే ఉంటే మాస్టారికి నిద్ర పట్టేది కాదు.

గొడుగులు రెండు. కలాలు రెండు. గడియారాలు రెండు, ఒకటి చేతికి, ఒకటి జేబులో. చొక్కా పై జేబులో రెండు సుద్దముక్కలు. విశ్వవిద్యాలయానికి ఒక వీధిన వెళ్ళి ఇంకో వీధిన తిరిగివచ్చేవారు. "ఏ వీధి మూసేసినా ఇల్లు చేరాలి కదా" అనేవారు. ఆ వీధుల్ని ఎవరైనా మూసిన రోజు అక్కడ పుట్టి పెరిగిన ముసలివాళ్ళకు కూడా గుర్తులేదు.

ఆయన చెప్పే పాఠం పేరు వ్యూహాత్మక నిర్వహణ, వ్యాపార విధానం. నోరు తిరగని ఆ పేరును ఆయన ఒక్క ప్రశ్నగా కుదించేశారు: "అది కుదరకపోతే?"

"సార్, మా సంస్థ ధర తగ్గిస్తుంది. ఎక్కువమంది కొంటారు."

"అది కుదరకపోతే?"

"పక్క ఊళ్ళో శాఖ తెరుస్తాం."

"అదీ కుదరకపోతే?"

చెబుతున్నవాడు పగలు బ్యాంకులో పనిచేసి సాయంత్రం చదువుకునే కుర్రాడు. తరగతిలో అందరూ బ్యాంకు బాబు అనేవారు. వాడికి విసుగొచ్చింది. "దుకాణం మూసేసి, మీలాగా ఈ పాఠం చెప్పుకుంటాను సార్" అన్నాడు. తరగతి గొల్లుమంది. మాస్టారు మాత్రం నవ్వలేదు. కాసేపు ఆలోచించారు.

"అదీ దారే. రాసుకో" అన్నారు.

క్యాంటీన్ అతనికి ఈయన్ని చూస్తే గుండెల్లో రాయి పడేది.

"టీ ఇమ్మంటారా సార్?"

"టీ లేకపోతే?"

"టీ ఉంది సార్."

"ఉందని నాకూ కనిపిస్తోంది. లేకపోతే ఏముంది?"

"కాఫీ ఉంది."

"అయితే టీ ఇవ్వు."

కాఫీ ఉందని తెలిస్తేగాని ఆయనకు టీ రుచించేది కాదు.

ఒకసారి ఏదో కాగితం మీద సంతకం కోసం బ్యాంకు బాబు మాస్టారింటికి వెళ్ళాడు. మాస్టారి భార్య కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చింది. రెండు గ్లాసులు. వాడు ఊరుకునే రకం కాదు కదా, "అమ్మగారూ, సార్ మొదటినుంచీ ఇంతేనా?" అని అడిగాడు.

"మొదటినుంచీ ఇంతే నాయనా. నన్ను పెళ్ళి చేసుకుంటావా అని అడిగి, నేను నోరు తెరవకముందే, కాదంటే తను ఏం చేస్తారో కూడా చెప్పేశారు."

"ఏం చేస్తానన్నారు?"

"పై వారం వచ్చి మళ్ళీ అడుగుతానన్నారు."

ఈ కథ తరగతిలో అందరికంటే ఎక్కువగా నవ్వించింది కళ్ళజోళ్ళక్కని. ఆమె కళ్ళజోళ్ళ దుకాణంలో పనిచేసేది. వచ్చినవాళ్ళకు కళ్ళు పరీక్ష చేసి, అద్దాలు అమర్చి, ముక్కు మీద నిలిచేలా సరిచేసేది. తక్కినవాళ్ళకంటే వయసులో పెద్దది కాబట్టి అందరికీ అక్క. ఆమెకు మాస్టారు తరగతికంటే ముందే తెలుసు. దుకాణానికి కళ్ళజోడు కోసం వచ్చారు. కుర్చీలో కూర్చోబెట్టి, గోడమీది అక్షరాల పట్టిక చదవమంది. ఆయన పైనుంచి కింద చివరి వరుస దాకా, డేగకు కూడా కనపడని అక్షరాలతో సహా గడగడా చదివేశారు. ఆమెకు అనుమానం వచ్చి వెనక్కి తిరిగి చూసింది. ఆయన కళ్ళు మూసుకుని ఉన్నారు.

"బట్టీ పట్టారా సార్?"

"బయట కూర్చున్నప్పుడు తలుపులోంచి కనిపించిందమ్మా. ఈ కళ్ళజోడు పెట్టుకుని చదివాను."

"ఎందుకు సార్?"

"ఒకవేళ ఇక్కడికొచ్చాక కళ్ళు పనిచేయకపోతే?"

"పనిచేయకపోతే కళ్ళజోడు ఇస్తాం సార్. దుకాణం ఉన్నదే అందుకు."

మాస్టారు ఈ మాటను గౌరవంగా విన్నారు. "అలాగా. అయితే రెండు ఇవ్వు" అన్నారు.

ఆయన వింతలన్నిటికీ తలమానికం శుక్రవారం పొద్దుటి తరగతి. టైంటేబుల్ అడుగున ఒక వరుస ఉండేది: శుక్రవారం, ఉదయం ఏడు గంటలు, మూల గది. వారమంతా సాయంత్రాలు చెప్పిన పాఠాన్నే ఆ పొద్దున మళ్ళీ చెబుతారు. ఏటా మొదటి రోజున ఆయనే ప్రకటించేవారు. ఏటా ఎవరూ వెళ్ళేవారు కాదు. పగలంతా పనిచేసి సాయంత్రం వచ్చేవాళ్ళకు పొద్దున్నే లేచి అదే పాఠం వినాల్సిన ఖర్మేమిటి? అయినా ఆయన శుక్రవారం తప్పేవారు కాదు. వెళ్ళి, తలుపు తీసి, ఖాళీ బల్లలకు పాఠం చెప్పి వచ్చేవారు.

శాఖాధిపతి చాలాసార్లు బతిమాలాడు. "మాస్టారూ, ఆ గదిలో ఎవరూ లేరు."

"ప్రస్తుతానికి లేరు."

"ఆలూ లేదు, చూలూ లేదు, తరగతేమిటండీ?"

"టైంటేబుల్‌లో ఉంటే హాజరు చెల్లుతుంది. లేకపోతే చెల్లదు. ఉంచండి."

"ఎవరి హాజరు?"

"వచ్చేవాళ్ళది."

శాఖాధిపతి తల పట్టుకునేవాడు. తర్వాత సంతకం పెట్టేవాడు. ఈయనతో వాదించడం కంటే సంతకం తేలిక.

"ఈసారి పరీక్షలో మొదటి ర్యాంకు మూల గదిలో మూడో బల్లదే" అని బ్యాంకు బాబు అంటుంటే, నవ్వినవాళ్ళలో కళ్ళజోళ్ళక్క కూడా ఉంది.

ఆ నవ్వు ఎక్కువకాలం నిలవలేదు. ఒకరోజు దుకాణం యజమాని ఆమెను పిలిచాడు. కౌంటరు మీద లేని దుమ్మును తుడుస్తూ మొదలుపెట్టాడు.

"సాయంత్రం చూసే మనిషి మానేశాడమ్మా. మనకు గిరాకీ అంతా సాయంత్రమే. రేపటినుంచి పొద్దున వద్దు, సాయంత్రం రా."

"నా చదువో అన్నయ్యగారూ? ఇంకా ఒక్క సబ్జెక్టే ఉంది."

"నాకు తెలియదా? అవతలి పేటలో కొత్త దుకాణం తెరిచి నీ చేతిలో పెట్టాలని నాకూ ఉంది. కానీ చదువు పూర్తయిన మనిషికే ఇవ్వాలని మా భాగస్వామి పట్టు. సాయంత్రం రాకపోతే ఇక్కడ నడవదు. నువ్వే చెప్పు, నన్నేం చెయ్యమంటావు?"

ఆయన చెడ్డవాడు కాదు. అదే చిక్కు. చెడ్డవాడైతే నాలుగు తిట్టుకుని తేలికపడేది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. సాయంత్రం దుకాణానికి వెళితే చదువు పోతుంది, చదువుతో కొత్త దుకాణం పోతుంది. వెళ్ళకపోతే ఉన్న ఉద్యోగమే పోతుంది. ఇంట్లో తల్లి, స్కూలుకెళ్ళే చెల్లెలు, మధ్యలో ఈమె జీతం.

ఆ సాయంత్రం తరగతి అయ్యాక తోటివాళ్ళతో చెప్పింది. "ఇదే నా ఆఖరి తరగతి. మానేస్తున్నాను."

అందరూ ఆమె చుట్టూ చేరారు. అలాంటప్పుడు నోరు జారేది బ్యాంకు బాబే. "పోనీ శుక్రవారం పొద్దున వెళ్ళి బల్లల పక్కన కూర్చో అక్కా" అన్నాడు.

అందరూ నవ్వారు. వాడూ నవ్వాడు. అక్క నవ్వలేదు. వాడి నవ్వు మధ్యలో ఆగిపోయింది.

"పొద్దున నాకు ఖాళీయే కదరా" అంది ఆమె మెల్లగా.

శుక్రవారం ఆమె వెళ్ళేసరికి మూల గది ముందు ఊడ్చే ఆవిడ చీపురు పట్టుకుని అడ్డంగా నిలబడింది.

"ఇప్పుడు వెళ్ళకమ్మా. లోపల తరగతి జరుగుతోంది."

"ఎవరున్నారు?"

"ఎవరూ లేరు."

తలుపు ఓరగా తీసి ఉంది. మాస్టారు బోర్డు వైపు తిరిగి రాస్తున్నారు. సాయంత్రం తరగతిలో ఎంత గొంతుతో చెబుతారో ఇప్పుడూ అంతే గొంతు. సాయంత్రం ఎక్కడ ఆగుతారో ఇక్కడా అక్కడే ఆగుతున్నారు. పోటీదారు పక్కనే కొట్టు తెరిస్తే ఏమవుతుందో బల్లలకు వివరించారు. ఎదుటివాడు ధర తగ్గిస్తే మనమూ తగ్గించాలా అని బల్లల్ని అడిగారు. వాటికి ఆలోచించుకోవడానికి వ్యవధి ఇచ్చారు. ఆమె చడీచప్పుడు లేకుండా వచ్చి మూడో బల్ల మీద కూర్చుంది.

"సరే, ధర తగ్గించకుండా నాణ్యత పెంచారనుకుందాం" అన్నారు మాస్టారు, వెనక్కి తిరగకుండానే. "అది కుదరకపోతే?"

"వేళ మార్చుకోవాలి సార్" అంది ఆమె.

మాస్టారి చేతిలో సుద్దముక్క కిందపడి రెండు ముక్కలైంది. ఆయన తిరగలేదు. జేబులోంచి రెండో సుద్దముక్క తీశారు. అప్పుడు తిరిగారు. మొదట మూడో బల్లను చూశారు, తర్వాత ఆమెను చూశారు. మాట్లాడింది ఎవరో నిర్ధారించుకుంటున్నట్టుంది.

"నువ్వా" అన్నారు.

"నేనే సార్. ఇకనుంచి సాయంత్రం రాలేను. ఈ హాజరు చెల్లుతుందా?"

"టైంటేబుల్‌లో ఉంది కదమ్మా."

అంతే. ఇంకేమీ అడగలేదు. పాఠం మొదటినుంచి మళ్ళీ చెప్పారు.

ఆ తర్వాత శుక్రవారాలన్నీ ఆమెవే. ఆమె పెట్టబోయే దుకాణమే పాఠం. కొత్త పేటలో ఎదురుగా ఇంకో కళ్ళజోళ్ళ కొట్టు ఉంది, పెద్దది, మనకంటే తక్కువ ధరకు అమ్ముతుంది. "ఏం చేస్తావు?" అంటే ఆమె చెప్పేది. "కుదరకపోతే?" అంటే మళ్ళీ చెప్పేది. ఒకరోజు ఆమెకూ ఓపిక తప్పింది.

"సార్, మొదటి దారి మీద నమ్మకం లేకనేనా ఈ రెండో దారి?"

"ఎవరన్నారమ్మా? వెనక ఒకటి ఉందని తెలిస్తే ముందుదాంట్లో గుండె నిబ్బరంతో నడుస్తాం. నేను రెండో గొడుగు ఎప్పుడూ వేసుకోలేదు తెలుసా?"

"మరి రోజూ మోస్తారెందుకు?"

"వానలో ఎవరో ఒకరు నిలబడి ఉంటారు కదా."

ఆమెకు అప్పుడు గుర్తొచ్చింది. క్యాంటీన్ గోడకు ఒక నల్లగొడుగు వేలాడుతుంటుంది. శాఖాధిపతి గదిలో అలాంటిదే ఒకటి ఉంది. అంతెందుకు, బ్యాంకు బాబు చొక్కా జేబులో ఉండే కలం కూడా వాడిది కాదు.

"ఈ తరగతి ఎవరికోసం పెట్టారు సార్?"

"రాలేనివాళ్ళకోసం. రాగలిగినవాళ్ళకు సాయంత్రం ఉందిగా" అని ఆయన బోర్డు తుడవడంలో పడిపోయారు. తుడిచిన బోర్డునే మళ్ళీ తుడిచారు.

చివరి పరీక్షకు బయటినుంచి ఒక పెద్దాయన వచ్చాడు. కళ్ళజోళ్ళక్క తన పథకం వివరించింది. ఆయన అంతా విని, కళ్ళజోడు పైకి తోసి, "బాగానే ఉంది. అది కుదరకపోతే?" అన్నాడు.

గదిలో నవ్వు ఆపుకోలేక అందరూ ఎర్రబడ్డారు. మాస్టారు మాత్రం తనకేమీ తెలియనట్టు కిటికీలోంచి చెట్టును చూస్తున్నారు.

"వారంలో ఒకరోజు తెల్లవారగానే తెరుస్తాను సార్. రాత్రి పని ముగించి ఇళ్ళకు పోయేవాళ్ళు ఆ దారినే వెళతారు. వాళ్ళకూ కళ్ళున్నాయి. వాళ్ళ వేళకు తెరిచే దుకాణం లేదు."

"అదీ కుదరకపోతే?"

"శుక్రవారం పొద్దున వచ్చి మా సార్‌ని అడుగుతాను."

పెద్దాయన నవ్వాడు. మార్కులు వేశాడు. చదువు పూర్తయింది. యజమాని, భాగస్వామి కలిసి కొత్త దుకాణం తాళాలు ఆమె చేతిలో పెట్టారు. ఆమె చేసిన మొదటి పని ఆ తాళాలకు ఇంకో జత చేయించడం.

మంగళవారం తెల్లవారగానే తెరుస్తామని బయట బోర్డు పెట్టింది. మొదటి మంగళవారం ఎవరూ రాలేదు. ఎదురు కొట్టు ఇంకా తెరవలేదు. వీధిలో మనుషులు వంచిన తల ఎత్తకుండా ఇళ్ళకు పోతున్నారు. సహాయంగా ఉన్న అమ్మాయి ఆవులించింది.

"ఈ వేళప్పుడు ఎవరొస్తారక్కా? మనల్ని చూసి నవ్వుతారు."

"నవ్వనీ."

"పోనీ లోపల కాసేపు పడుకుందామా?"

"కూర్చో. వచ్చేవాళ్ళు వెతుక్కోకూడదు" అంది అక్క. అచ్చం మాస్టారిలాంటి ఆ మాట తన నోట విని తనే ఉలిక్కిపడింది.

అప్పుడు తలుపు తెరుచుకుంది. ముందు ఒక గొడుగు వచ్చింది, వెనక ఇంకోటి. వాటి వెనక మాస్టారు.

"సార్! పరీక్షలయ్యాయి, మీకు సాయంత్రాలు ఖాళీయే కదా ఇప్పుడు? ఇంత పొద్దున్నే ఎందుకు?"

"ఖాళీ గది సంగతి నాకు తెలుసు కదమ్మా" అన్నారు ఆయన. "మొదటి రోజు కష్టంగా ఉంటుంది."

గాజు తలుపులోంచి లోపలికి వచ్చిన మనిషి కనిపించేసరికి, వీధిలో పోతున్న ఇద్దరు ఆగి బోర్డు చదవడం మొదలుపెట్టారు.

"మీ కళ్ళజోడు ఏది బాగాలేదు సార్?"

"రెండూ బాగానే ఉన్నాయి. అయినా చూడు."

కుర్చీలో కూర్చున్నారు. గోడమీది పట్టిక చదవమనగానే పైనుంచి కింద దాకా గడగడా అప్పజెప్పారు. చెప్పడం పూర్తయ్యాక కళ్ళు తెరిచారు.

కళ్ళజోళ్ళక్క కౌంటరు కిందికి వంగి, చుట్టిపెట్టిన ఇంకో పట్టిక తీసి, మొదటిదాని మీద తగిలించింది. అక్షరాలన్నీ వేరు.

మాస్టారు ముందుకు వంగి దాన్నే చూస్తూ కూర్చున్నారు. ఒక్క అక్షరమూ చదవలేదు. మొహం మాత్రం వెలిగిపోయింది.

"పాస్" అన్నారు.