మునెమ్మ పక్కన కూర్చున్నది నేను కాదు

డ్రైవరు పని చేసినవాళ్ల దగ్గర దయ్యాల కథలకు కొదవుండదు. ఏ మలుపులో ఎవరు చెయ్యెత్తారో, వెనక సీట్లో మనిషి ఎట్లా మాయమయ్యాడో తోటి డ్రైవర్లు చెబుతుంటే నేను ఊరికే వినేవాణ్ణి కాదు, ఎగతాళి చేసేవాణ్ణి. ఇప్పటికీ దయ్యాలున్నాయని నేననను. జరిగింది జరిగినట్టు చెబుతాను, నమ్మితే నమ్మండి, లేకుంటే లేదు.

అవి యుద్ధం రోజులు. పెట్రోలు దొరక్క కార్లకు వెనక బొగ్గుల పీపా తగిలించి, ఆ గ్యాసుతో నడిపేవాళ్లం. చిత్తూరులో ఒక మామిడికాయల సావుకారు దగ్గర నా ఉద్యోగం. ఎంత తోమినా నా చేతులు నల్లగానే ఉండేవి. ఆ బండితో ఘాటు రోడ్డు ఎక్కడమంటే ప్రాణసంకటం. ఎగువలో ఒకసారి ఆపితే, నిప్పు రాజేసి మళ్లీ కదిలించేసరికి అరగంట పట్టేది.

ఆ రోజు సావుకారును తీసుకురావడానికి ఒక్కణ్ణే పలమనేరు పోతున్నాను. మిట్టమధ్యాహ్నం. మొగిలి ఘాటులో ఒక మలుపు తిరగగానే గడ్డిమోపు నెత్తిన పెట్టుకున్న ముసలామె ఎదురొచ్చింది. పక్కకు తిప్పాను. అయినా మడ్‌గార్డు తగిలింది. అద్దంలో చూస్తే మోపు ఒకవైపు, ఆమె ఒకవైపు. ఆమె చెయ్యి కదులుతోంది.

కాలు బ్రేకు మీదికి పోయింది. ఇక్కడ ఆపితే బండి మళ్లీ ఎక్కదనుకున్నాను. కాలు తీసేశాను. అది సాకు అని అప్పుడే తెలుసు. అసలు సంగతి భయం. చుట్టుపక్కల నరమానవుడు లేడు, చూసినవాళ్లు లేరు.

పలమనేరులో సావుకారు పని తెమిలేదాకా ఒక కాఫీ హోటలు ముందు బెంచీ మీద కూర్చున్నాను. హోటలాయన నన్ను ఎరిగినవాడే. ఆయన పెట్టింది పెట్టినట్టే వదిలేశాను. తిరిగి వచ్చేటప్పుడు ఆ మలుపులో ఎవరూ లేరు. గడ్డి మాత్రం రోడ్డంతా పరుచుకుని ఉంది. సావుకారుకు చెప్పలేదు, స్టేషనుకూ పోలేదు.

బొగ్గుల కార్లు ఆ దారిలో నాలుగైదుకు మించి తిరిగేవి కావు. మూడో రోజే పోలీసులు ఇంటికొచ్చారు.

ముసలామె బతికే ఉందనీ, కాలు విరిగిందనీ, పేరు మునెమ్మ అనీ నా తరఫు వకీలు చెప్పాడు. గుద్దడం కంటే ఆగకుండా పోవడమే నా మెడకు చుట్టుకుంటుందన్నాడు. కారు తగిలితే డ్రైవరు ఆగి తీరాలట, పడినవాళ్లను ఆస్పత్రికి చేర్చాలట, ఒక రోజు లోపల స్టేషనులో చెప్పాలట. నేను ఒక్కటీ చేయలేదు. జైలు పడొచ్చు, లైసెన్సు ఎటూ ఉండదన్నాడు. నాకు పెళ్లి కాలేదు, అమ్మా నాయనా లేరు. ఆ స్టీరింగు తప్ప నాకంటూ ఏమీ లేదు.

కేసు రోజున మునెమ్మ కర్ర పట్టుకుని వచ్చింది. గుద్దినవాణ్ణి చూపించమంటే నన్నే చూపించింది. ఆ తర్వాత ఎవరూ అడగకుండానే అంది:

"పారిపోయినాడని ఎవురన్నారు సామీ? కారు అట్ల పోయింది, ఈ నాయన ఇట్ల నడిసి వచ్చినాడు. నా తల తొడ మింద పెట్టుకోని పొద్దు వాలేదాకా కూసున్నాడు."

ఆమెను ఎద్దులబండిలో ఆస్పత్రికి చేర్చినాయన కూడా అదే చెప్పాడు. ఖాకీ చొక్కా, నల్లటి చేతులు, తెగిన ఎడమ చెవి తమ్మె. ఆ మనిషే తనతోపాటు ఆమెను పట్టి బండిలోకి ఎక్కించాడట. చిన్నప్పుడు పోగు లాగేసి తెగిన చెవి నాది. ఆ పొద్దు కట్టుకున్న చీరను మునెమ్మ కోర్టులో మూటలోంచి తీసి చూపించింది. భుజం దగ్గర బొగ్గు వేళ్ల మచ్చలు.

నేను నా చేతులు వెనక్కి దాచుకున్నాను. వకీలుకు మాత్రం పట్టలేని సంతోషం. ఔనని ఒక్క మాట అనమని, గండం గడిచినట్టేనని చెవిలో ఊదాడు.

మునెమ్మ నన్ను చూసి నవ్వుతోంది. నా జన్మలో నన్నెవరూ అంత ప్రేమగా చూడలేదు. ఆ చూపు ఇంకెవరిదో, దాన్ని నేను దొంగిలిస్తున్నట్టు అనిపించి నామీద నాకే కోపం వచ్చింది.

"ఆడ కూసున్నింది నేను కాదు సామీ. నేను నిలపకుండా పలమనేరుకు పోయినాను" అన్నాను.

హోటలాయనను పిలిపించారు. నేను సాయంత్రం దాకా తన కళ్ల ముందే ఉన్నానని ఆయన ప్రమాణం చేసి చెప్పాడు. చివరికి మేజిస్ట్రేటు నా మాటనే పట్టుకుని నెల రోజులు జైలు వేసి, లైసెన్సు రద్దు చేశాడు. అబద్ధమాడి జైలుకు పోయే పిచ్చోణ్ణి ఇప్పుడే చూస్తున్నానని మునెమ్మ నన్ను తిట్టి పోసింది.

విడుదలైన రోజే ఘాటు కింద ఆమె పల్లెకు పోయాను. మజ్జిగ ఇచ్చింది. ఆ మనిషి ఎవరో చెప్పమని బతిమాలాను. మొదట నవ్వింది. నా ముఖం చూసి నవ్వు ఆపేసింది.

"బండెక్కమంటే ఎక్కలేదు గదా నాయనా. ఈడనే ఉంటానంటివి. నన్నొక్కన్నే ఇడిసిపెట్టి పోయినాడమ్మా అని ఏడిస్తివి. ఎవురు పోయినారప్పా అంటే చెప్పలా."

ఆ దారిలో తిరిగే డ్రైవర్లందరినీ విచారించాను. అట్లాంటి చెవి ఉన్నవాడు ఇంకొకడు లేడు. ముసలామెకు ఎండదెబ్బ తగిలి అట్లా తోచిందని సావుకారు అన్నాడు. మరి బండాయనకు కూడా తగిలిందా అంటే లెక్కల పుస్తకం తెరుచుకున్నాడు.

ఒక మధ్యాహ్నం ఘాటు ఎక్కి ఆ మలుపు దగ్గర కూర్చున్నాను. ఒకటి రెండు ఎద్దుల బండ్లు పోయాయి. పొద్దు వాలాక లేచి, దారిలో ఎవరూ లేరని చూసుకుని, పిలవడానికి ఇంకో పేరు తెలియక నా పేరే గట్టిగా పిలిచాను. ఎవరూ పలకలేదు.