రెండు చర్చిల బియ్యం

చేవెళ్ల పక్కన మా ఊళ్లో రెండు చర్చిలుండేవి. మా పాత చర్చిలో నీళ్లు చిలకరించి బాప్తిస్మం ఇచ్చేవారు, కొత్తగా వేసిన రేకుల చర్చిలో నిండా ముంచేవారు. ఆ తేడాతోనే రెండింటి మధ్యా పలకరింపులు లేవు.

గండిపేట వైపు సాఫ్ట్‌వేర్ వాళ్ల మేడలు లేస్తున్న రోజులవి. ఆ పనిలోనే పైనుంచి పడి మా పక్కింటాయన చనిపోయాడు. నెల తిరగకుండానే ఆయన ముగ్గురు పిల్లలను హాస్టల్‌కు తీసుకుపోతానని పట్నం పెద్దమనిషి ఒకాయన వ్యాన్‌తో దిగాడు.

"ఒక్కదానివి ఎలా సాకుతావమ్మా? సంతకం పెట్టు."

"నా పిల్లలను నేనియ్య" అంది తల్లి, వాళ్లను వెనక్కి లాక్కుని.

వండే ముందు పిడికెడు బియ్యం చర్చి కోసం తీసిపెట్టడం రెండు చర్చిల ఆడవాళ్లకూ అలవాటే. మా అవ్వ మా చర్చి బియ్యం కుండ ఆ తల్లి గుమ్మం ముందుకు ఎత్తుకొచ్చింది. రేకుల చర్చి అక్క వాళ్ల బస్తా మోసుకొచ్చింది.

"వాళ్ల బియ్యంల మన బియ్యం ఎట్ల కలుపుతరు?" అన్నాడు మా చర్చి పెద్ద.

నేను ఏడో తరగతిలోనే బడి మానేశాను గానీ నా నోరు మానలేదు. "ఫికర్ చెయ్యకు బాపూ. ముందుగాల నీళ్లు చిలకరిస్తం, ఎనుక ఎసట్ల ముంచుతం. రెండు బాప్తిస్మాలూ అయితయి."

అవ్వ నవ్వి కుండను బస్తాలోకి వంచేసింది.

"ఇలా ఎన్నాళ్లు పెడతారు?" అన్నాడు పట్నం ఆయన.

"మేం తిన్నన్ని దినాలు వాళ్లు తింటరు" అంది అవ్వ. "నీ వ్యాన్ తిప్పుకో, బిడ్డా."

అది ఖాళీగా మొయినాబాద్ రోడ్డెక్కేదాకా ఆ గుమ్మం ముందు నుంచి మేమెవరమూ కదల్లేదు.