కౌన్సిల్‌కి నిలబడ్డ రత్నరాజు

రత్నరాజుకి కోపం ముక్కు మీదే ఉంటుందని చర్చిలో అందరూ అనేవారు. ఉండదా మరి? బాపట్లలో కెమిస్ట్రీ చదువుకుని న్యూజెర్సీ వచ్చిన మనిషి చేత ఓ మందుల కంపెనీ నాలుగేళ్ళు సీసాలు కడిగించింది. డెబ్భై తొమ్మిదిలో ఇక అక్కర్లేదు పొమ్మంది. ఆ కసితోనే పిస్కాటవేకి పది మైళ్ళ అవతల ఓ చిన్న ఊళ్ళో పచారీ కొట్టు పెట్టాడు. కందిపప్పుకీ గోంగూర పచ్చడికీ తెలుగువాళ్ళంతా అక్కడికే వచ్చేవారు. భార్య దీనమ్మ పొద్దుటినుంచి సాయంత్రం దాకా కౌంటర్ దగ్గర నిలబడేది.

ఎనభై అయిదులో కొట్టు అద్దాన్ని ఎవరో మూడుసార్లు పగలగొట్టారు. మూడోసారి రాయి దీనమ్మ భుజానికి తగిలింది. పోలీసు వచ్చి, కుర్రాళ్ళ అల్లరిలే అని నవ్వేసి, ఒక్క ముక్క రాసుకోకుండా వెళ్ళిపోయాడు. రత్నరాజుకి ఒళ్ళు మండిపోయింది. పోలీసుల్ని నిలదీయాల్సింది టౌన్ కౌన్సిల్. అందులో మనల్ని పట్టించుకునే నాథుడు లేడు. అయితే తనే వెళ్ళి కూర్చుంటాడు!

మరుసటి ఏడాది కౌన్సిల్ ఎన్నికల్లో నిలబడ్డాడు. మూడు నెలలు కాళ్ళరిగేలా తిరిగాడు. ప్రతి ఇంట్లోనూ కాఫీ ఇచ్చారు, మాట ఇచ్చారు. అక్కడి తెలుగువాళ్ళకి పెద్దమనిషి, డాక్టర్ రామమోహనరావు, భుజం తట్టి మరీ చెప్పాడు, "మీకు కాక ఇంకెవరికి వేస్తామండీ!"

పోలింగ్ రోజున దీనమ్మని కొట్లో ఉంచి, తను పోలింగ్ బూత్ బయట రోడ్డు మీద చలిలో నిలబడ్డాడు. ఆఫీసుల నుంచి మనవాళ్ళు వస్తారని చీకటి పడేదాకా చూశాడు. ఎవరూ రాలేదు. ఇరవై ఆరు ఓట్ల తేడాతో ఓడిపోయాడు.

ఆ శనివారం డాక్టరు మునక్కాయల కోసం వచ్చాడు.

"ఓటెయ్యడానికి టైం దొరకలేదాండీ?" అన్నాడు రత్నరాజు.

"నేనింకా గ్రీన్ కార్డ్ మీదే ఉన్నాగా, నాకు ఓటెక్కడిది? సిటిజన్‌షిప్ తీసుకుంటే ఇండియన్ పాస్‌పోర్ట్ సరెండర్ చెయ్యాలి. రెండేళ్ళలో వెళ్ళిపోయేవాళ్ళం, ఎందుకండీ?"

"మరి నాకే వేస్తామన్నారు!"

"ఇంటికొచ్చి అడిగితే మొహం మీదే లేదంటామా? మర్యాద కాదు కదండీ. మనవాళ్ళంతా అంతే."

మర్యాదట! ఊరంతా కలిసి మనిషిని ముంచేసి, దానికి మర్యాద అని పేరు.

"రెండేళ్ళలో పోయేవాళ్ళు నాలుగు బెడ్‌రూముల ఇల్లెందుకు కొన్నారండీ?" రత్నరాజు అరిచాడు. "మీ మర్యాద మా ఆవిడ భుజానికి కట్టు కట్టిందా?"

డాక్టరు మునక్కాయలు అక్కడే వదిలేసి వెళ్ళిపోయాడు. రత్నరాజు ఇంకా తిడుతూనే ఉన్నాడు.

"ఒక్కరు! ఒక్కరంటే ఒక్కరు సిటిజన్ కాలేదు చూడు, దీనా!"

"నేనూ కాలేదండీ" అంది దీనమ్మ.

రత్నరాజు గిరుక్కున ఆమె వైపు తిరిగాడు. అయిదేళ్ళ క్రితం సిటిజన్‌షిప్ ఫారం నింపింది, జడ్జి ముందు ప్రమాణం చేసింది తనొక్కడే. తనకి వస్తే ఆమెకీ వచ్చినట్టే అనుకున్నాడు.

"ముందే చెప్పొచ్చుగా!"

"మీరు అడిగితేగా? ఊళ్ళో ఉన్న తలుపులన్నీ కొట్టారు. రాయి తగిలింది నాకు. నా ఓటు సంగతి ఒక్కసారైనా అడిగారా?" దీనమ్మ కౌంటర్ వదిలి ఇవతలికి వచ్చింది. "ఆ ఫారం ఎక్కడిస్తారో చెప్పండి, నేనే నింపుకుంటా. ఈసారి నిలబడేది నేను. కౌంటర్ మీరు చూసుకోండి."