తెల్లచీర మరక

రొయ్యల చెరువు కాపలాదారు చిట్టియ్య యజమాని మాటకు ఎదురు చెప్పి ఎరగడు. శనివారం సాయంత్రం, రొయ్యలు పట్టేశాక, ఆయన చెప్పినట్టే తూము ఎత్తి, మేత కుళ్ళిన నీళ్ళన్నీ కాలువలోకి వదిలేశాడు. మర్నాడు అదే కాలువలో కూతురు తబితకు బాప్తిస్మమని గుర్తు లేక కాదు. తెల్లారేసరికి కిందికి పోతాయిలే అనుకున్నాడు. పోలేదు.

కంపు ఎప్పుడూ ఉండేదేగా అని పాస్టరుగారు నీళ్ళలోకి దిగారు. మునిగి లేచిన తబిత తెల్లచీర నిండా నల్లటి జిగురు.

“ఏ పాపిష్టోడు వదిలాడండీ ఇది?” అన్నారు గట్టుమీది ఆడవాళ్ళు. తువ్వాలుతో నిలబడ్డ చిట్టియ్య తల దించుకున్నాడు.

“పర్లేదు నాన్నా, ఉతికితే పోద్ది,” అంది తబిత.

ఎక్కడ ఉతుకుతావమ్మా అని అడగబోయి, తువ్వాలు ఆమె భుజాల చుట్టూ కప్పాడు. వాళ్ళింటి బట్టలు ఉతికేది ఆ కాలువలోనే.